14 గంటల ఫ్లైట్: భోజనం, స్క్రీన్ సంగతేంటి?

ప్రశ్న: వచ్చే నెల ఎకానమీలో వెళ్తున్నా. పోయినసారి ట్రాలీ మా వరసకి వచ్చేసరికి వెజ్ అయిపోయిందన్నారు, పైగా ముందున్న స్క్రీన్ దారి పొడుగునా పనిచేయలేదు, సిబ్బంది మాత్రం పాపం మర్యాదగానే ఉన్నారు. ఈసారి ఏం చేయాలి?

జవాబు: వెజ్ కావాలని స్పెషల్ మీల్ రిక్వెస్ట్ ముందే పెట్టేయండి, చాలా ఎయిర్‌లైన్స్ కనీసం 24 గంటల ముందు అడుగుతాయి. మామూలుగా అది ట్రాలీ కన్నా ముందే వస్తుంది. ఫ్లైట్ మారితే మాత్రం రిక్వెస్ట్ ఉందో లేదో మళ్లీ చూసుకోండి.

ఇంకొకరు: రుచి మీద ఆశలొద్దండీ. క్యాబిన్‌లో తేమ సాధారణంగా 20 శాతం లోపే, గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది, దానికి తోడు ఇంజిన్ హోరు, దాంతో ఉప్పు, తీపి నాలుకకి సరిగా తెలియవు. చప్పగా ఉందంటే తప్పంతా వంటవాళ్లది కాదు.

మరొకరు: స్క్రీన్ ఆగితే వెంటనే చెప్పండి, చాలావాటిలో ఆ ఒక్క సీటుకే రీసెట్ చేయొచ్చు. నేనైతే సినిమాలు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకునే ఎక్కుతా. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్‌లో వేయకూడదు.

అడిగినవారు: మీల్ ఇప్పుడే పెట్టేశా, థాంక్స్. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ సీటు స్క్రీన్‌కి కలుస్తాయా?

జవాబు: కొత్త విమానాల్లో కొన్నిటికే. వైరున్నవి పెట్టుకోండి.