చెల్లెలి బీటెక్ చదువుకు నాలుగేళ్లకు ఎంత సిద్ధం చేసుకోవాలి?

నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. చెల్లెలికి హైదరాబాద్ శివారులోని ప్రైవేటు కళాశాలలో బీటెక్ సీటు వచ్చింది. మేము బీసీలం. ర్యాంకు పదివేలు దాటడంతో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 రూపాయలే. కళాశాల ఫీజు లక్షకు పైనే, మిగతాది మేమే కట్టాలి.

ఇంతవరకు లెక్క తెలుస్తోంది. హాస్టల్, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, బస్సు పాసు కలిపితే ఎంతవుతుందో అంతు చిక్కడం లేదు. పైగా ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే ముందు మీరే కట్టమంటారని, చివర్లో సర్టిఫికెట్లు ఆపుతారని ఊళ్లో చెబుతున్నారు. ఇది నిజమేనా? నాన్నకు బత్తాయి తోటే ఆధారం. కాపు డబ్బు వచ్చే నెలా, ఫీజు కట్టే నెలా కలవవు. వడ్డీ వ్యాపారి గడప తొక్కడం నాకు అస్సలు ఇష్టం లేదు.

బ్యాంకు విద్యారుణం 4 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు కదా, అందులో హాస్టల్ ఖర్చు కూడా చూపవచ్చా? రుణం తీసుకుంటే రీయింబర్స్‌మెంట్‌కు అడ్డొస్తుందా? పిల్లలను ఇలా చదివించినవారు మొదటి ఏడాది అసలు ఖర్చు ఎంతైందో దయచేసి చెప్పండి. చెల్లెలు బాగా చదువుతుంది, సీటు వదులుకోమని మాత్రం అనకండి.