వైజాగ్ నుంచి తప్తపాణి వేడినీటి బుగ్గ: పెద్దవాళ్లు, పిల్లలతో శని, ఆదివారాల్లో కుదురుతుందా?

సీతమ్మధార_ఏడుసీట్లు (ప్రశ్న):
అత్తగారు, మామగారు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబుతో కలిపి ఆరుగురం. ఏడు సీట్ల డీజిల్ బండి. శనివారం తెల్లవారుజామున బయల్దేరి ఒడిశాలోని బరంపురం మీదుగా తప్తపాణి చేరి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చేయాలి. అత్తగారి మోకాళ్ల నొప్పుల కోసమే ఈ ప్రయాణం. మామగారు బీపీ మాత్రలు వాడతారు. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు అరసవల్లి దర్శనం అనుకుంటున్నాం. దారి, బస, నీళ్లలో ఎవరు దిగొచ్చు అన్నవి తెలిసినవాళ్లు చెప్పండి.

ఎన్‌హెచ్16_బాటసారి:
ముందు అరసవల్లిని శనివారానికి మార్చేయండి. ఆదివారం సూర్యుడి వారం కాబట్టి శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. మాఘమాసమైతే ఇక చెప్పక్కర్లేదు, పార్కింగుకే గంట పడుతుంది. శనివారం ఉదయం ఏడుకల్లా గుడి దగ్గరుంటే పెద్దవాళ్లు నిలబడే పని లేకుండా దర్శనం అయిపోతుంది. గుడి హైవే మీద ఉండదు, శ్రీకాకుళం ఊరివైపు తిరగాలి.

విశాఖ నుంచి బరంపురం సుమారు 260 కిలోమీటర్లు. అక్కడి నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి ఇంకో 50. ఐదింటికి ఆనందపురం దాటితే, గుడి, టిఫిను, భోజనం అన్నీ కలుపుకొని మధ్యాహ్నం మూడు, మూడున్నరకి చేరతారు. నాతవలస, మడపాం, లక్ష్మీపురం, బెల్లుపడ టోళ్లు తగులుతాయి, ఫాస్టాగ్‌లో డబ్బులు ముందే చూసుకోండి. హైవే మీద తరచుగా తిరిగేవాళ్లకి వార్షిక పాస్ లాభం, 2025లో మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు ఉండేది. సొంత కారుకి ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది.

డీజిల్ ఇక్కడ ఫుల్ చేయించకండి. ఆంధ్రాలో కంటే ఒడిశాలో ధర తక్కువ. సరిహద్దు దాటేవరకు సరిపడా ఉంచుకుని బరంపురంలో నింపుకోండి, అక్కడే నింపితే కొండమీద బంకు వెతుక్కునే పని కూడా ఉండదు. ఆరుగురు, సామాను అంటే టైర్లలో గాలి మామూలు లెక్క సరిపోదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఫుల్ లోడుకి వేరే అంకె ఉంటుంది, బండి నడపకముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్కకి పట్టించండి.

డిసెంబరు, జనవరిలో అయితే పొగమంచుంటుంది. ఆ టైములో అసలు ప్రమాదం రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలతోనే. ఎడమ లేను వదిలేసి నడపండి, ఎదురుగా ఏమీ కనిపించకపోతే ఏదో ఒక హోటల్లో ఆగిపోండి.

దిగపహండి దాటాక ఘాట్ మొదలవుతుంది. పెద్దది కాదు గానీ, దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు తొక్కుతూ వస్తే ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పొయ్యకండి.

వేడినీళ్లు_గంధకం:
నీళ్ల సంగతి నేను చెప్తాను. అక్కడ అగ్నిపర్వతం లాంటిదేమీ లేదు. వాననీరు రాతి పగుళ్లలోంచి బాగా లోతుకి దిగుతుంది. కిలోమీటరు లోతుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున నేల వేడి పెరుగుతుంది కాబట్టి, కాగిన నీరు ఇంకో పగులు గుండా చల్లారేలోపే పైకొచ్చేస్తుంది. కోడిగుడ్డు వాసన గంధకానిది.

కందుణీ దేవి గుడి దగ్గరి మూల కుండం పూజకే, దాంట్లో దిగరు. అక్కడి నుంచి నీళ్లు స్నానాల కొలనులోకి వస్తాయి, దిగేది అందులోనే. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు బుగ్గ బురదలో విత్తనం వెతుక్కునే ఆచారం ఉంది. వాళ్లని ఫొటోలు తియ్యకండి.

బస ఒడిశా పర్యాటక సంస్థ పంథనివాస్‌లో దొరికితే బాగుంటుంది. కొన్ని గదుల్లో తొట్టెలోకి బుగ్గ నీళ్లే పైపులో వస్తాయి. మెట్లు దిగలేని మీ అత్తగారికి కావలసింది అదే. అన్ని గదులకీ ఆ సదుపాయం ఉండదు కాబట్టి బుక్ చేసేటప్పుడే తొట్టె గది అని చెప్పండి, బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి పైపు పనిచేస్తోందో లేదో కనుక్కోండి. తొట్టెలో నీళ్లు పట్టి పావుగంట వదిలి, మోచేయి పెట్టి చూసి అప్పుడు దిగాలి.

మోకాళ్లకి వేడి వల్ల కండరాలు వదులై బిగుతు తగ్గుతుంది, ఆ సుఖం కొన్ని గంటలు ఉంటుంది. అరుగుదల పోదు. మోకాలు వాచి, ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంటే మాత్రం ఆ పూట దిగవద్దు.

మామగారి విషయంలో జాగ్రత్త. వేడినీళ్లలో రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడుతుంది, పైన మాత్ర కూడా పనిచేస్తూ ఉంటుంది. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరిగి పడిపోతారు. కాళ్లు మాత్రం పిక్కల దాకా పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే చాలు. ముందే డాక్టరుని అడగండి, మాత్ర మానెయ్యమనకండి.

బాబుని దింపొద్దు, చిన్నపిల్లల ఒళ్లు తొందరగా వేడెక్కిపోతుంది. మగ్గులో చల్లార్చిన నీళ్లు ఒంటి మీద పొయ్యండి, ముఖం మీద వద్దు. పాప పది నిమిషాలు దిగొచ్చు, తల మునక్కూడదు, ముక్కులోకి నీళ్లు పోకూడదు. క్లోరిన్ లేని గోరువెచ్చటి నీళ్లలో నైగ్లేరియా అనే అమీబా ఉండొచ్చు. ముక్కులోంచి మెదడుకి ఎక్కుతుంది. చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం నిలవడం కష్టం.

బరంపురం_పట్టు:
ఆదివారం పొద్దున్నే స్నానాలు ముగించుకుని మోహన వైపు ముందుకెళ్తే చంద్రగిరి టిబెటన్ కాలనీ వస్తుంది. 1963 నుంచి శరణార్థులు అక్కడ ఉన్నారు. జిరంగలోని పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. అక్కడి నుంచి పర్లాకిమిడి మీదుగా టెక్కలిలో హైవే ఎక్కేస్తే వెళ్లిన దారినే రానక్కర్లేదు. గజపతుల కోట కూడా చూసేయొచ్చు.

భాష గురించి బెంగ పడకండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, బరంపురం బజారులో తెలుగు నడుస్తుంది.

ఎన్‌హెచ్16_బాటసారి:
విహారం వరకు సరే. పర్లాకిమిడి దారి మాత్రం వీళ్లకి వద్దండి. మలుపులు ఎక్కువ, నాలుగేళ్ల బాబు కక్కుకుంటాడు, చీకటి పడితే దారి పొడుగునా మనిషి కనిపించడు. పది గంటలకల్లా విహారం చూసుకుని బరంపురం మీదుగానే రండి. జనవరిలో అయితే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్ కొంగలు గూళ్ల మీద ఉంటాయి, పాపకి చూపించండి.

పలాసలో జీడిపప్పు కొనేటప్పుడు 320 అంటే పౌనుకి (సుమారు 450 గ్రాములకి) సుమారు 320 గింజలని, 210 అంటే అంతకంటే లావు గింజలని అర్థం. పాయసానికైతే బద్దలు చాలు, ధర తక్కువ.

సీతమ్మధార_ఏడుసీట్లు:
చాలా థాంక్సండి. అరసవల్లి శనివారమే పెట్టేశాం. అత్తగారు వెండి పట్టీలు, మట్టెలు తియ్యరు, పర్వాలేదా?

వేడినీళ్లు_గంధకం:
నల్లబడిపోతాయి. గంధకంతో కలిసి వెండి పైన నల్ల పొర కడుతుంది, లోపల వెండికేమీ కాదు. ఇంటికొచ్చాక గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, పట్టీలు రేకుకి తగిలేలా పెట్టి, ఒక చెంచా వంటసోడా వేసి, మరిగిన నీళ్లు పొయ్యమనండి. ఐదు నిమిషాల్లో తెల్లబడతాయి. రాళ్లు, ముత్యాలు పొదిగినవి మాత్రం అందులో వెయ్యకూడదు. అలాంటివుంటే బయల్దేరే ముందే ఇంట్లో పెట్టి రమ్మనండి.