ప్లాస్టిక్ మీద టైటానియా పూత: 450 డిగ్రీలు లేకుండా పట్టు ఎలా?

సన్నపొర: రంగు సాయంతో కాంతిని పట్టే సౌరఘటం (డై-సెన్సిటైజ్డ్ సోలార్ సెల్) చేస్తున్నాను. ఐటీఓ (కరెంటు పారే పారదర్శక పొర) పూసిన పెన్ (పీఈఎన్ అనే ప్లాస్టిక్) షీటు మీద పీ25 (టైటానియా, అంటే టైటానియం డయాక్సైడ్ పొడి) పేస్టు రాసి 120 డిగ్రీల్లో అరగంట ఆరబెడితే, ఎన్719 అనే కాంతిని పీల్చే రంగులో ముంచగానే పెచ్చులుగా ఊడుతోంది. బైండరుగా (రేణువుల్ని కలిపి పట్టే జిగురుగా) పాలిఇథిలీన్ గ్లైకాల్ కలిపితే పట్టు వచ్చింది కానీ కరెంటు బాగా పడిపోయింది. కారణం ఏమై ఉంటుంది?

గాజుపలక: గాజు మీద 450 డిగ్రీల్లో బైండరు కాలిపోతుంది, రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 120లో ఈ రెండూ జరగవు. గ్లైకాల్ రంధ్రాల్లోనే మిగిలిపోయి, రంగు అంటాల్సిన చోటును మూసేసింది. బైండరు పూర్తిగా మానేయండి. 2 గ్రాముల పీ25కి 8 గ్రాముల ఇథనాల్ పోసి రాత్రంతా స్టిరర్ మీద తిప్పండి. అంచుల్లో 50 మైక్రాన్ల టేపు ఒక్క వరుస వేసి, గాజుకడ్డీతో ఒకే దిశలో ఒక్కసారే లాగాలి. ఇథనాల్ క్షణాల్లో ఆరిపోతుంది, రెండోసారి లాగితే చారలు పడతాయి. ఆరాక ప్రెస్సులో నొక్కండి. అసలు పట్టు వచ్చేది అక్కడే. సుమారు 100 మెగాపాస్కళ్ల ఒత్తిడి కావాలి, అంటే అర చదరపు సెంటీమీటరు పూతకి దాదాపు 500 కిలోల బరువు.

అనాటేస్: ప్రెస్సు పలకకీ పూతకీ మధ్య టెఫ్లాన్ షీటు తప్పనిసరి. లేకపోతే పూత పలకకే అంటుకుని లేచి వస్తుంది. పలక ఒక పక్కకి వాలినా ఐటీఓ చిట్లుతుంది. పైకి ఏమీ కనిపించదు కాబట్టి నొక్కే ముందూ తర్వాతా మల్టీమీటరుతో ఐటీఓ నిరోధం చూడండి.

సన్నపొర: నొక్కాక పట్టు బాగుంది. కానీ మందంగా రాసినచోట ఎండిన చెరువు అడుగులా బీటలు.

గాజుపలక: ద్రావకం ఆరేటప్పుడు రేణువులు దగ్గరికి లాక్కుంటాయి, కింద షీటు కదలదు. ఆ లాగుడికే బీటలు. ఒకేసారి మందంగా వేయకుండా రెండు పలుచని పూతలు వేయండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. నొక్కాక 6 నుంచి 10 మైక్రాన్లు ఉంటే చాలు.

అనాటేస్: ముంచే ముందు షీటును 80 డిగ్రీల్లో వేడిగా ఉంచి, ఆ వేడి మీదే రంగులో వేయండి. చల్లారితే రంధ్రాల్లోకి తేమ చేరుతుంది. అసిటోనైట్రైల్, టెర్ట్-బ్యూటనాల్ సమపాళ్లలో కలిపిన 10 మిల్లీలీటర్లకు 3.6 మిల్లీగ్రాముల ఎన్719 వేస్తే 0.3 మిల్లీమోలార్ గాఢత వస్తుంది. రాత్రంతా ఉంచండి.

రెండోధ్రువం: ఎదుటి ఎలక్ట్రోడు కూడా ప్లాస్టిక్ అయితే, క్లోరోప్లాటినిక్ ఆమ్లం పూసి 400 డిగ్రీల్లో కాల్చే పద్ధతి పనికిరాదు. స్పటరింగ్ (శూన్యంలో లోహాన్ని పలుచగా పూసే పద్ధతి) చేసిన ప్లాటినం వాడండి. పేస్టులో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం వద్దు, అది ఐటీఓనే తినేస్తుంది.