రోహిణి రెండో పాదం పాపకి 'వా'తో పేరు: పిలుపుకి ఏది బాగుంటుంది?

మాది విజయనగరం. పాపది రోహిణి రెండో పాదం కాబట్టి పేరు 'వా'తో మొదలవ్వాలి. ఇరవయ్యొకటో రోజున బారసాల. వాసవి, వాగ్దేవి, వాహిని, వారిజ దగ్గర ఆగాం. పేర్లన్నీ బాగున్నాయి, చిక్కంతా పిలుపుతోనే.

వాసవిని ఇంట్లో 'వాసు' చేసేస్తారు, అది మగపిల్లాడి పేరు. వాగ్దేవి మాకు చాలా ఇష్టం. కానీ కుదిస్తే 'వాగు', బళ్లో పిల్లల నోట్లో అదే 'వాగుడుకాయ' అవుతుంది. పైగా 'గ్దే' పలకలేక చిన్నపిల్లలు 'వాదేవి' అంటారు. వాహినికి 'హిని', 'వాహి' తప్ప ముద్దుపేరు తోచడం లేదు. వారిజకి 'రిజ్జు' బాగుంటుందా?

ఇంకొకటి. మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ పేరు కలవాలని మా అత్తగారు అంటున్నారు, మాకూ ఇష్టమే. 'వాహిని పైడితల్లి' అని సర్టిఫికెట్లో రాయిస్తే ముందు ఇంటిపేరు కూడా చేరి మూడు ముక్కలవుతుంది. అప్పుడు ఆధార్‌లో ఒకలా, బడి రికార్డులో ఒకలా పడే ప్రమాదం ఉంది. ఇంగ్లీషులో 'వా'కి ఒక 'ఎ'నా రెండా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. జననం నమోదైపోయింది. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుం లేదు కాబట్టి తొందరేం లేదు.

అమ్మవారి పేరు బియ్యంలో రాసి, సర్టిఫికెట్లో ఒక్క పేరే ఉంచినవాళ్లున్నారా? 'వా'తోనే, రెండక్షరాలకి కుదించినా ఆడపిల్ల పేరులాగే వినిపించేవి ఇంకేమున్నాయి? శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు మీ ఇళ్లల్లో పిలుపులతో సహా చెప్పండి.