పాటలతో ఎస్పెరాంతో పదాలు: పాడితే వస్తున్నాయి, మాట్లాడితే రావట్లేదు

కొత్తగొంతు:
ఎస్పెరాంతో అనే కృత్రిమ భాష నేర్చుకుంటున్నాను. వ్యాకరణం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, పదాలే నిలవట్లేదు, అందుకని పాటలు పట్టుకున్నాను. పాటలైతే నోటికొచ్చేశాయి, అర్థం కూడా తెలుసు. కానీ చాట్‌లో "ఎప్పుడూ" అనడానికి చీయమ్ కావాలంటే పల్లవి నుంచి లోలోపల పాడుకుంటూ వస్తే తప్ప ఆ మాట తగలట్లేదు, ఈలోపు అవతలివాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోతున్నారు. పాటలతో నేర్చుకుని మాట్లాడగలుగుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాత్రాగణం:
పాట మానకండి, నోటికొచ్చాక చేసే పని మార్చండి. మీకు గుర్తున్నది పదాలు కాదు, వాటి వరస. దాన్ని తెంచాలి. మి కాంతస్ అంటే నేను పాడుతున్నాను. అదే బాణీలో మి కాంతిస్ (పాడాను), మి కాంతోస్ (పాడతాను) అనండి, తర్వాత కాంతో (పాట), కాంతిస్తో (గాయకుడు). దీన్ని తయారుచేసిన జామెన్‌హాఫ్ 1887లో మొదటి పుస్తకం తెచ్చినప్పటి నుంచి ఈ భాష బలమే అది, ధాతువు ఒకటి పట్టుకుంటే చాలు, చివర మార్చుకుంటూ పోవచ్చు. చరణం మధ్యలోంచి ఎత్తుకోవడం కూడా అలవాటు చేసుకోండి.

ఇంకో జాగ్రత్త. ఎస్పెరాంతోలో ఒత్తి పలికేది ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చునే. బాణీ కోసం అది పక్కకి జరిగిన పాటతో నేర్చుకుంటే ఉచ్చారణ అలాగే స్థిరపడిపోతుంది. అలాగే కోరో (హృదయం) కవిత్వంలో కోర్ అయిపోతుంది, మామూలు మాటల్లో అలా అనరు. ముందు సాహిత్యాన్ని రాగం లేకుండా గట్టిగా చదవండి.

ఒకేధాతువు:
నేను పూర్తిగా ఒప్పుకోను. పాటల్లో దొరికేవి ఆశ, ఆకాశం, ప్రేమ. చెంచా, తలుపు, టికెట్ ఎక్కడ దొరుకుతాయి? కావలసిన పదాలతో మీరే రాసుకోండి, తెలిసిన బాణీ తీసుకుంటే సరిపోతుంది. అయితే ప్రాస మీద నమ్మకం పెట్టుకోవద్దు. ప్రాస మనకి సాయపడేది తర్వాత వచ్చే పదాన్ని పట్టిస్తుంది కాబట్టి, ఇక్కడేమో నామవాచకాలన్నీ ఓతోనే ముగుస్తాయి, ఏ పదమైనా ఏ పదానికైనా సరిపోతుంది, ఇక పట్టించేదేముంది!

ఎవరు, ఎప్పుడు, అక్కడ లాంటి మాటలుండే ఆ 45 పదాల పట్టిక మొత్తాన్ని ఒకే పాటగా మాత్రం కట్టకండి. కీయమ్ (ఎప్పుడు), కీయల్ (ఎందుకు), కీయెల్ (ఎలా) పక్కపక్కన పాడితే మూడూ కలగాపులగం అయిపోతాయి. ఒక్కోదానికి ఒక్కో వాక్యం, ఒక్కో సందర్భం ఇవ్వండి.

నూటఇరవై:
నేను నేర్చుకునే టోకీ పోనా అనే ఇంకో కృత్రిమ భాషలో ఇబ్బంది వేరే. ఉన్నవే సుమారు 120 పదాలు, నోటికి రావడం సులువే. కానీ టెలో అంటే నీళ్లే కాదు, ఏ ద్రవమైనా కావచ్చు. ఒక్క పాటలోనే నేర్చుకుంటే ఒక్క అర్థానికే అతుక్కుంటుంది. అందుకే ఒకే పదాన్ని రెండు మూడు వేర్వేరు పాటల్లో పెట్టుకుంటాను.

కొత్తగొంతు:
కాంతస్ వరస ఇప్పుడే చేసి చూశాను, బాగుంది. సొంతంగా రాసేటప్పుడు కర్మకి వచ్చే ఆ చివరి న్ బాణీలో ఇమడకపోతే వదిలేయొచ్చా?

ఒకేధాతువు:
అస్సలు వదలకండి, మీకు సాయం చేసేదే అది. మన "ను" విభక్తి లాంటిదే కాబట్టి పదాలు ఎటు జరిపినా అర్థం చెడదు. మి ఆమస్ విన్, మి విన్ ఆమస్, విన్ మి ఆమస్, అన్నీ "నిన్ను ప్రేమిస్తున్నాను" అనే. బాణీకి ఏది నప్పితే అది పెట్టుకోండి.