సెకండ్ హ్యాండ్ వీల్స్: నంబర్లు కలిస్తే చాలా, టైర్లు విప్పి చూడాల్సిందేనా?

నల్ల 86

అందరికీ నమస్కారం. నా కారు మొదటి తరం టయోటా 86, బ్రేకులు కంపెనీ నుంచి వచ్చినవే. దానికోసం ఒక సెట్ వాడిన అల్లాయ్ వీల్స్ చూసి వచ్చాను. సైజు 18×8.5 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు), ఆఫ్‌సెట్ +35 (రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం బయటివైపు ఎన్ని మి.మీ. ఉందో), పీసీడీ 5×100 (ఐదు నట్టు రంధ్రాల కేంద్రాల మీదుగా గీసే వృత్తం వ్యాసం 100 మి.మీ.), సెంటర్ బోర్, అంటే మధ్య రంధ్రం, 73.1 మి.మీ. 225/40 ఆర్18 టైర్లు ఎక్కించే ఉన్నాయి. ఈమధ్యే నల్ల పౌడర్ కోటింగ్ చేయించారట, కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

అమ్మే ఆయన "మీ కారుకి డైరెక్ట్‌గా పడతాయి, నట్లు బిగించుకోవడమే" అంటున్నారు. టైర్లు విప్పి చూపించమంటే మాత్రం ఒప్పుకోవడం లేదు. మళ్లీ ఎక్కించి బ్యాలెన్సింగ్ చేయించడం ఎవరి నెత్తిన పడుతుందని అడుగుతున్నారు. అందులోనూ న్యాయం ఉంది.

నా స్నేహితుల్లో ఒకడు నంబర్లన్నీ కలిశాయి, ఇంకేం చూడాలి అంటాడు. ఇంకొకడు వాడిన వీల్స్ జోలికే పోవద్దంటాడు. నాకు అవి చాలా నచ్చాయి, అందుకే నా నిర్ణయం మీద నాకే నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

మిల్లీమీటరు

ముందు లెక్క చూద్దాం. మీ కారుతో వచ్చినవి 17×7, +48. మీరు చూసిన రిమ్ ఒకటిన్నర అంగుళం ఎక్కువ వెడల్పు, అంటే 38 మి.మీ. అందులో సగం, 19 మి.మీ., లోపలికి పెరుగుతుంది, మిగతా సగం బయటికి. ఆఫ్‌సెట్ 48 నుంచి 35కి తగ్గింది కాబట్టి వీల్ మొత్తం 13 మి.మీ. బయటికి జరుగుతుంది. లోపల 19లోంచి 13 తీసేస్తే 6. సస్పెన్షన్ స్ట్రట్ వైపు 6 మి.మీ. మాత్రమే దగ్గరవుతుంది, భయం లేదు. బయట 19కి 13 కలిపితే 32. రిమ్ అంచు ఇప్పుడున్న చోటు నుంచి 32 మి.మీ. బయటికి వస్తుంది. చూడాల్సింది అక్కడే.

ఇక టైరు. మీ పాత 215/45 ఆర్17 వ్యాసం సుమారు 625 మి.మీ., 225/40 ఆర్18ది 637. రెండు శాతం కూడా తేడా లేదు. స్పీడోమీటర్ ఇంతకు ముందుకంటే కాస్త తక్కువ చూపిస్తుంది, అంతే.

మీ హబ్ (కారు మీద వీల్ కూర్చునే భాగం) 56.1, వీల్ బోర్ 73.1, ఆ ఖాళీ నింపేలా మధ్యలో హబ్ రింగ్ వేస్తే సరిపోతుంది. పీసీడీ ఒకటే. ఫెండర్ లైనర్‌కి (ఫెండర్ లోపలి తొడుగుకి) కాస్త తగలొచ్చేమో గానీ, నా ఉద్దేశంలో ఇవి పడతాయి. అంకెలు ఇంత స్పష్టంగా చెబుతుంటే వెనకాడటం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

టార్క్ రెంచ్

మిల్లీమీటరు గారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ ఆ వీల్ గుండ్రంగా ఉంది, పగుళ్లు లేవు అనుకుని వేసిన లెక్క అది. వాడిన వీల్ విషయంలో ఆ రెండూ మనకు తెలియవు.

నా సంగతి చెబుతాను. ఒకప్పుడు ఇలాగే నంబర్లన్నీ చూసుకుని నాలుగు వీల్స్ కొన్నాను. బిగించిన రోజు చాలా సంతోషపడ్డాను. ఆ తర్వాత వెనక ఎడమ టైరులో వారానికోసారి గాలి తగ్గేది. వాల్వ్ మార్చాను, పంక్చర్ కోసం వెతికించాను, ఏమీ దొరకలేదు. చివరికి గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచితే లోపలి వైపు, అతికించిన బ్యాలెన్సింగ్ బరువు పక్క నుంచి బుడగలు వచ్చాయి. ఆ బరువు పీకి చూస్తే కింద గోటికి తగిలేంత క్రాక్. అదే వీల్ మీద హైవేలో వెళ్లాను, పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టుకుని. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అల్లాయ్ వీల్ దెబ్బ తినేది ఎక్కువగా లోపలి అంచు దగ్గరే, స్పోకుల ఆసరా అక్కడ ఉండదు కాబట్టి. ముందు నుంచి తీసిన వంద ఫొటోలు చూసినా అది కనపడదు. పైగా తమ్ముడు చూసినవాటికి కొత్త రంగు. పౌడర్ కోటింగ్ పాత గీతలనే కాదు, వెల్డింగ్ చేసిన చోటును కూడా కప్పేస్తుంది.

వేడి సంగతి కూడా చెప్పాలి. పోత వీల్స్‌ని చాలావరకు ఏ356 అనే మిశ్రమంతో పోసి, టీ6 అనే హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరుస్తారు. ఆ ప్రక్రియలో చివరి దశ 150, 170 డిగ్రీల ప్రాంతంలో జరుగుతుంది. పౌడర్ కోటింగ్ ఓవెన్ 180 నుంచి 200 దాకా వెళ్తుంది. ఒక్కసారి జాగ్రత్తగా చేస్తే వీల్ పాడైపోతుందని నేను అనను. వేడి మితిమీరినా, పదేపదే రంగు మార్చినా లోహం మెత్తబడుతుంది. వెల్డింగ్ అయితే ఇంకా ఘోరం, అతుకు చుట్టూ ఉన్న భాగం టీ6 బలమే కోల్పోతుంది.

టైర్లు విప్పకపోతే కొనొద్దు. విప్పి, మళ్లీ ఎక్కించే ఖర్చు నువ్వే పెట్టుకుంటానని చెప్పు. అప్పుడూ వద్దంటే ఇంకో సెట్ చూసుకో.

నిశ్శబ్ద ప్రయాణం

నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. టైర్లు విప్పినా కొనకూడదు. క్రాక్ కంటికి కనపడే దశకు రాకముందే లోహం అలసిపోయి ఉంటుంది. ఆ కారు ఎన్ని గుంతల్లో దిగిందో, ట్రాక్ మీద ఎన్నిసార్లు కెర్బ్‌ల మీదికి ఎక్కిందో ఏ తనిఖీలోనూ తేలదు. స్పోర్ట్స్ కారులో మలుపు మధ్యలో బరువంతా ఒక్క వీల్ మీద పడుతుంది. సీటు, స్టీరింగ్ వాడినవి కొనండి, తప్పులేదు. వీల్స్ మాత్రం కొత్తవే కొనాలి.

పాత మియాటా

ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. కొత్తది అనగానే మంచిది అయిపోదు. పేరున్న డిజైన్‌ని కాపీ కొట్టి, ఎంత బరువు మోయగలదో కూడా అచ్చు వేయని కొత్త రెప్లికా కంటే, కారు కంపెనీ తన కారుకోసం పరీక్షించి బిగించిన పాత వీల్‌ని నేను ఎక్కువ నమ్ముతాను. కొనేటప్పుడు వీల్ వెనక వైపు చూడండి. సైజు, ఆఫ్‌సెట్, తయారైన తేదీ, గరిష్ఠ బరువు, జపాన్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ గుర్తు, దాంతోపాటు అక్కడి తనిఖీ సంస్థ వీఐఏ గుర్తు, జర్మనీవైతే అక్కడి రవాణా శాఖ ఇచ్చే కేబీఏ నంబరు ఉంటాయి. ఆ గుర్తుల్నీ కాపీ కొట్టేవాళ్లున్నారు, కాబట్టి గుర్తు కనపడగానే తనిఖీ ఆపేయకండి. కానీ ఏ అచ్చూ లేని వీల్‌ని మాత్రం ముట్టుకోకండి.

ఫోర్జ్డ్ వీల్స్, అంటే పోత పోయకుండా లోహాన్ని గట్టిగా ఒత్తి చేసినవాటి సంగతి వేరే. దెబ్బ తగిలితే పోత వీల్ పగులుతుంది, ఫోర్జ్డ్ అయితే సాధారణంగా ముందు వంగుతుంది. వంపును బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పి పట్టుకోవచ్చు. నా కారు మీద ఉన్నవి వాడిన ఫోర్జ్డ్ వీల్సే, ఎన్నో ట్రాక్ రోజులు చూశాయి, ప్రతి సీజన్‌కి ముందు టైర్లు విప్పి కడిగి చూసుకుంటాను.

ఇంకో మాట, కారు పేరు చూసి వీల్ కొనకండి. మాజ్దా ఎంఎక్స్-5 తీసుకోండి. మొదటి రెండు తరాలకు 4×100, మూడో తరానికి 5×114.3, నాలుగో తరానికి మళ్లీ 4×100. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ 2004 మోడల్‌కి 5×100, 2005కి 5×114.3. బీఎండబ్ల్యూలు చాలాకాలం 5×120 మీద ఉండి ఇప్పుడు 5×112కి మారాయి. పాత కార్వెట్ వీల్ 5×120.65, బీఎండబ్ల్యూది 5×120. పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కొలిస్తే ఒకటి 70.9, ఇంకొకటి 70.5. టేపుతో ఈ తేడా ఎవరూ పట్టుకోలేరు. బలవంతంగా బిగిస్తే నట్లు ఎక్కేస్తాయి కూడా, కానీ సీట్‌లో, అంటే వీల్‌లో నట్టు ఆనే గుంటలో, సరిగ్గా కూర్చోవు.

మిల్లీమీటరు

పీసీడీ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఐదు రంధ్రాల వీల్ అయితే పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 1.7తో గుణిస్తే పీసీడీ వస్తుంది. టేపు కాదు, వెర్నియర్ కాలిపర్ వాడండి. దాన్నిబట్టి అచ్చు నిజమో కాదో సరిచూసుకోవచ్చు.

ఇక హబ్ రింగ్. కొందరు అది బరువు మోస్తుందని అనుకుంటారు. మోయదు. నట్లు బిగించినప్పుడు వీల్‌కీ హబ్‌కీ మధ్య పుట్టే ఒత్తిడి, ఘర్షణలే బరువంతా మోస్తాయి. రింగ్ పని వీల్‌ని మధ్యలో కూర్చోబెట్టడం వరకే. అందుకే ప్లాస్టిక్ రింగ్ అయినా చాలంటాను.

టార్క్ రెంచ్

పని విషయంలో ఒప్పుకుంటాను, ప్లాస్టిక్ విషయంలో ఒప్పుకోను. ట్రాక్ మీద నాలుగు ల్యాప్‌లు గట్టిగా బ్రేకులు వాడాక హబ్ ఎంత వేడెక్కుతుందో చూసినవాళ్లు ప్లాస్టిక్ అనరు. అల్యూమినియం రింగే వేయండి.

రింగ్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి నట్లు. ఆఫ్టర్‌మార్కెట్ వీల్స్‌కి ఎక్కువగా 60 డిగ్రీల కోన్ నట్లు కావాలి. హోండా కంపెనీ వీల్స్‌కి గుండ్రని సీటు. పోర్షావీ గుండ్రనివే. గుండ్రని నట్టుని కోన్ రంధ్రంలో బిగిస్తే సన్నని గీతలా మాత్రమే ఆనుతుంది. టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, కానీ వంద కిలోమీటర్లకు వదులైపోతుంది. అమ్మేవాళ్లు సంచీలో పోసి ఇచ్చే నట్లు వాడకు తమ్ముడూ. 86కి స్టడ్ ఎం12×1.25. నట్టు చేత్తో కనీసం తొమ్మిది పది చుట్లు తిరిగితేనే తగినంత పట్టు దొరికినట్టు. వీల్‌లో నట్టు రంధ్రాలు కోలగా సాగాయేమో కూడా చూడు. సాగాయంటే ఎవరో వదులు నట్లతో నడిపారన్నమాట.

బ్రేక్ కాలిపర్ (బ్రేక్ డిస్క్‌ని నొక్కే భాగం) గురించి ఎవరూ చెప్పలేదు. వ్యాసం, వెడల్పు, ఆఫ్‌సెట్ అన్నీ ఒకటే ఉన్న రెండు వీల్స్‌లో ఒకటి పడుతుంది, ఇంకొకటి స్పోక్ కాలిపర్‌కి తగులుతుంది. స్పోక్ వంపు ఏ అంకెలోనూ ఉండదు. రేపు నాలుగు పిస్టన్ల బ్రేకులు వేయించుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆ కాలిపర్ ఆకారంలో అట్ట కత్తిరించుకుని, వీల్ వెనక పెట్టి తిప్పి చూడు.

నల్ల 86

అందరికీ థ్యాంక్స్. నిన్న మళ్లీ వెళ్లాను. టార్క్ రెంచ్ అన్న చెప్పినట్టు, విప్పి ఎక్కించే ఖర్చు నేనే పెట్టుకుంటానంటే ఆయన ఒప్పుకున్నారు.

ముందు ఒక వీల్‌ని కారు ముందు కుడి వైపు బిగించి చూశాం. లోపల స్ట్రట్‌కి వేలు పట్టేంత చోటు ఉంది. స్టీరింగ్ ఫుల్ లాక్ తిప్పితే లైనర్‌కి తగిలింది. మిల్లీమీటరు గారి 32 మి.మీ. కళ్లారా చూశాను. నేరుగా నిలబెట్టినప్పుడు అందంగా ఫెండర్ అంచుకి సమంగా ఉంది. ఇద్దర్ని ఎక్కించుకుని గుంతలో దిగితే ఆ అంచు టైరుని కోసేస్తుందని చూడగానే అర్థమైంది.

తర్వాత టైర్లు విప్పించాం. మూడు వీల్స్ మెషిన్ మీద నిలకడగా తిరిగాయి. నాలుగోది ఊగింది. లోపలి అంచు మీద నల్ల రంగు కింద వేలికి ఉబ్బుగా తగిలింది. కాస్త రంగు గీకితే వెల్డింగ్ అతుకు, దాదాపు బొటనవేలంత పొడవు. అమ్మే ఆయన ముఖం చూస్తే ఆయనకీ తెలియదనే అనిపించింది. ఆయన కూడా రంగు వేశాకే కొన్నారట. టైరు మీద తేదీ కోడ్ 2319, అంటే 2019లో 23వ వారం. అవి కూడా పాతబడ్డాయి. వద్దని చెప్పి వచ్చేశాను.

నిశ్శబ్ద ప్రయాణం

చూశారా, నేను చెప్పింది ఇదే.

పాత మియాటా

లేదండీ, మీరు చెప్పింది కొనొద్దని. అతను చూసి వదిలేశాడు. టైరు విప్పగానే బయటపడింది కదా, అంటే తనిఖీ పనిచేసింది. మూడు వీల్స్ బాగున్నాయని నాలుగోది వేరే వెతుక్కునే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఆ నాలుగింటికీ ఒకే చోట రంగు వేశారు, ఒకే కారు మీద తిరిగాయి.

మిల్లీమీటరు

వెల్డింగ్ నా లెక్కలో లేదు, ఒప్పుకుంటున్నాను. తగిలే చోటు మాత్రం లెక్క ముందే చెప్పింది. నల్ల 86 గారూ, తర్వాతి సెట్ వెతికేటప్పుడు 18×8, +45 దగ్గర చూడండి. బయటికి 16, లోపలికి 10 మి.మీ. లోపు. ఫెండర్ గొడవ ఉండదు. ఆఫ్‌సెట్ కంపెనీదానికి దగ్గరగా ఉంటే స్టీరింగ్ కూడా రోడ్డు గీతల వెంట లాగకుండా ఉంటుంది, వీల్ బేరింగ్ మీద భారమూ పెరగదు.

నల్ల 86

అలాంటిదే ఒకటి దొరికింది మిల్లీమీటరు గారూ. ఒక కారు కంపెనీ వీల్సే, 5×100. టైర్లు లేవు, రంగు వేయలేదు, రెండింటి మీద కెర్బ్ గీతలు బాగానే ఉన్నాయి. అడగకముందే లోపలి వైపు ఫొటోలు పంపారు, బ్రేక్ దుమ్ము కూడా తుడవలేదు. ఆదివారం వెళ్తున్నాను. వెర్నియర్ ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను, కాలిపర్ అట్ట కూడా కత్తిరించి పెట్టుకున్నాను.

టార్క్ రెంచ్

ఒక బకెట్, సబ్బు నీళ్లు, టార్చ్ కూడా తీసుకెళ్లు తమ్ముడూ. కడిగి, ఆరాక, టార్చ్‌ని పక్కవాటుగా పట్టుకుని స్పోక్ మొదళ్లు, బ్యారెల్ (రిమ్ గొట్టం) లోపల చూడు. అనుమానం వచ్చిన చోట గోరు పెట్టి గీకు. కొంటే మాత్రం, బిగించి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ 120 న్యూటన్ మీటర్లకు టార్క్ సరిచూసి, ఇక్కడ చెప్పు.