పిల్లల ఆటిజం గురించి అమ్మానాన్నలు పేరు, ఫోటోతో బయట రాయాలా?

బెజవాడ అమ్మ:
ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం కదా. మా బాబు వెళ్ళే థెరపీ సెంటర్‌వాళ్ళు ఈసారి తల్లిదండ్రులందర్నీ అనుభవాలు రాసి ఫేస్‌బుక్‌లో పెట్టమంటున్నారు. ఫోటోలు, వీలైతే చిన్న వీడియోలు కూడా. బాబుకి ఏడేళ్ళు. నాకు రాయాలనే ఉంది. మా ఆయన "రాస్తే రాయి, వాడి పేరూ ముఖం మాత్రం వద్దు" అని ఖరాఖండిగా చెప్పేశారు. అత్తగారైతే అసలు విషయమే బయటికి పొక్కకూడదంటారు, మా ఆడపడుచు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర జవాబుంది. మా ఆయన మాటకే లేదు. మీరేమంటారు?

గుంటూరు మిర్చి:
రాయండి. ఫోటోతో సహా రాయండి. ఐదేళ్ళ కిందటి మాట, మా పాపకి మూడేళ్ళు నిండినా మాటల్లేవు. "వాళ్ళ నాన్నకీ లేటుగానే వచ్చాయి" అని ఇంట్లో ఒకటే పాట. వస కొమ్ము అరగదీసి నాకించారు. పిల్లల డాక్టరు కూడా ఇంకో ఆర్నెల్లు చూద్దామన్నారు. ఒకరోజు ఎవరో తల్లి పెట్టిన వీడియో కంటపడింది. ఆవిడ కొడుకు బొమ్మకారు బోర్లించి చక్రం తిప్పుతూ కూర్చున్నాడు, ఎంత పిలిచినా తల తిప్పడు. అచ్చం మా పిల్లే! ఆ వారమే పరీక్ష చేయించాం. ఆవిడ "పిలిస్తే పలకడు" అని ఒక ముక్క రాసి ఊరుకుని ఉంటే నేను చదివి వదిలేసేదాన్ని. పిలిస్తే పలకని పిల్లలు ఏ ఇంట్లో లేరు? చూశాను కాబట్టి తెలిసింది. పైగా ముఖం దాచామంటే ఇదేదో దాచుకోవాల్సిన సంగతేనని మనమే ఒప్పుకున్నట్టు.

మల్కాజిగిరి టీచర్:
నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే టీచర్‌ని. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన కేంద్ర సంస్థలో శిక్షణ తీసుకున్నాను (ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, మా బ్యాచ్ వాళ్ళకి ఇంకా ఎన్‌ఐఎంహెచ్చే). అక్కా, మీకు దొరికింది మంచి వీడియో. మా దగ్గరికొచ్చే తల్లులు చూపించేవి వేరే. "మూడు నెలల్లో మాటలొచ్చేశాయి" అని ఒకటి, "పాలు, గోధుమలు మానిపించాం, తగ్గిపోయింది" అని ఇంకొకటి. పెట్టినవాళ్ళు అబద్ధం చెప్తున్నారని అనను. కొంతమంది పిల్లలకి నాలుగైదేళ్ళప్పుడు మాటలు వాటంతటవే పుంజుకుంటాయి. ఆ నెలలో ఏం చేస్తుంటే దానికి పేరొస్తుంది. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించుకున్నామనే వీడియోలు మరీ దారుణం. ఆటిజానికి అది సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా లక్షలు పోసినవాళ్ళు ఉన్నారు, ఎవరో తండ్రి కన్నీళ్ళతో చెప్పింది నమ్మి.

బెజవాడ చెల్లీ, ఒక్క మాట అడుగు. ఆ వీడియోల కింద సెంటర్ లోగో వేస్తారా? వేస్తే అది అవగాహన కాదు, ప్రకటన.

రిటైర్డ్ లెక్చరర్:
మనవడి వల్ల ఈ విషయాలు చదువుతున్నవాణ్ణి. అసలు ఆటిజం కథ మొదలైందే ఒక తండ్రి రాతతో. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఒక లాయరు తన కొడుకు గురించి లియో కానర్ అనే డాక్టరుకి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. 1943లో కానర్ 11 మంది పిల్లల గురించి వ్యాసం రాస్తే అందులో మొదటివాడు ఆ పిల్లాడే. తమాషా ఏమిటంటే, ఇంత వివరంగా రాయడమే తల్లిదండ్రుల అతికి నిదర్శనమని ఆ వ్యాసంలోనే ఆయన చురక వేశాడు! తర్వాత చాలా ఏళ్ళు "తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఇలా అవుతుంది" అన్నారు. ఆ మాటని 1964లో గట్టిగా ఖండించిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రి. లండన్‌లో ఆటిజం మీద పరిశోధన చేసిన డాక్టరు లోర్నా వింగ్ కూడా అలాంటి పిల్ల తల్లే. ఢిల్లీలో 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థ పెట్టిన మెర్రీ బారువా కూడా తల్లే. వీళ్ళు నోరు మూసుకుని ఉంటే మన కోడళ్ళు ఇవాళ్టికీ ఆ నింద మోస్తుండేవాళ్ళు.

అయితే కానర్ ఆ పిల్లాడి ఇంటిపేరు రాయలేదు. "డొనాల్డ్ టి." అన్నాడంతే. డొనాల్డ్ ట్రిప్లెట్ పూర్తి పేరు 2010లో పత్రికలవాళ్ళు రాసేనాటికి ఆయనకి డెబ్భై ఆరేళ్ళు దాటాయి. సొంతూళ్ళో బ్యాంకులో పనిచేసి, గోల్ఫ్ ఆడుకుంటూ, ఊళ్ళు తిరిగి బతికాడు. బెజవాడ అమ్మాయి భర్త అడుగుతున్నది కూడా ఆ మాత్రం మరుగే అనుకుంటాను.

గట్టిమేళం:
నాకు 24. ఆటిజం ఉంది. ఆరో క్లాసులో ఉండగా మా అమ్మ నా గురించి పెద్ద పోస్టు పెట్టింది, ఫోటోతో. ఎన్నేళ్ళదాకా పక్క తడిపానో, పిన్ని పెళ్ళిలో కింద పడి ఎలా అరిచానో అన్నీ రాసింది. ఇంజనీరింగ్ సెకండియర్‌లో ఎవడో అది వెతికి తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అవగాహన అంటున్నారు కదా. ముహూర్తం టైములో సన్నాయి, డోలు మైకులో ఒక్కసారిగా మోగితే నా తలలో ఏమవుతుందో ఆ పోస్టులో లేదు. అమ్మకి తెలీదు. అరవడం మాత్రం ఉంది. చదివినవాళ్ళకి ఏం తెలిసినట్టు?

గుంటూరు మిర్చి:
తమ్ముడూ, నీకు జరిగింది తప్పే. కానీ నీ మాట నువ్వు చెప్పుకోగలుగుతున్నావు. మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు, నీళ్ళు కావాలన్నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది. తన గురించి నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?

గట్టిమేళం:
చెప్పండక్కా, వద్దనలేదు. మీరు ఫోటో తీయడానికి ఫోన్ ఎత్తగానే పాప ముఖం తిప్పుకుంటుందా, చెయ్యి అడ్డం పెడుతుందా? అదీ జవాబే.

కూకట్‌పల్లి నాన్న:
అందరూ పిల్లాడి చేష్టలే రాస్తారు, తాము తిరిగిన ఆఫీసుల గురించి ఒక్కరూ రాయరు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, అందులో ఆటిజం లేదు. 2016 చట్టం వచ్చి 21 చేసింది, ఆటిజం చేర్చింది. అయినా మా అమ్మాయిని తీసుకెళ్తే సర్టిఫికెట్ రాసే గదిలో "నడుస్తోందిగా, బాగానే ఉందిగా" అన్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, ఎంతమందికి తెలుసు? పద్దెనిమిది నిండాక బ్యాంకు పని మీద సంతకం కావాలంటే అమ్మానాన్నలమైనా చెల్లదు, గార్డియన్‌షిప్ (చట్టప్రకారం సంరక్షకులుగా గుర్తింపు) కోసం కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. తెలుగులో ఇవి వివరంగా రాసినవాళ్ళు నాకు కనపడలేదు. వీటికి పిల్లాడి ఫోటో ఎందుకు? మీ పేరు వేసుకోండి, మీ ఫోటో పెట్టుకోండి.

గుంటూరు మిర్చి:
బీమా గురించి చదివితే మూడేళ్ళ పిల్ల తల్లికి అనుమానం రాదండీ. ముందు అనుమానం రావాలి, ఆ తర్వాతే మీ కాగితాలు. నేను ఒప్పుకోను.

మల్కాజిగిరి టీచర్:
అనుమానం రావడానికి ముఖమే అక్కర్లేదక్కా. చక్రం తిప్పే చేతులు, వెనక నుంచి మీరు పిలిచే గొంతు, అంతవరకు చూపించినా చాలు. తల్లులకి చూపించడానికి నేను అలాంటివే దాచుకుంటాను.

బెజవాడ అమ్మ:
టీచర్ గారూ, లోగో సంగతి అడిగాను. వేస్తారట, "మా సెంటర్ విజయగాథలు" అని పెడతారట. ఇవ్వనని చెప్పేశాను. నా పేరుతో, నా ఫోటోతో రాస్తాను. బాబుకి రెండేళ్ళప్పుడు నేను గమనించి కూడా ఎవరికీ చెప్పని సంగతులతో మొదలుపెడతాను. గుంటూరు అక్కా, మీరు చెప్పిన బొమ్మకారు సంగతి నా రాతలో వాడుకోవచ్చా?

కూకట్‌పల్లి నాన్నగారూ, మాకింకా సదరం సర్టిఫికెట్ రాలేదు. అది లేకుండా నిరామయ కట్టొచ్చా?

కూకట్‌పల్లి నాన్న:
లేదండీ, వైకల్య సర్టిఫికెట్ ఉండాల్సిందే. ముందు ఆ స్లాట్ బుక్ చేయండి. వెళ్ళేటప్పుడు థెరపీ రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి, "నడుస్తున్నాడుగా" అంటే చూపించడానికి.